సారు గోడ మీది కొమ్ములు

మన జువాలజీ సారు మీద నీకింకా కోపం పోలేదా అని మొన్నామధ్య పాత క్లాస్‌మేటొకామె అడిగింది. పోలేదు. పోయిందేమోనని అప్పుడప్పుడు తడిమి చూసుకుంటాను. ఉన్నచోటే ఉంటుంది, చూసుకున్నాక నాకు హాయిగా ఉంటుంది. రిటైరయ్యాక ఆయన చాలా మెత్తబడ్డాడట, వీధిలో అందరికీ తులసి మొక్కలు పంచిపెట్టాడట. పంచిపెట్టనీ. మా ఇంటికైతే ఒక్క మొక్కా రాలేదు.

మాది ఓడరేవు పక్కనుండే మల్కాపురం. నాన్న పోర్టులో కళాసీ. శ్రీకాకుళం వైపు పల్లెలో సాగు గిట్టుబాటు కాక, నేను పాకే వయసులో ఉండగా వచ్చేశారు. ఇంటి నుంచి హైస్కూలుకి వెళ్ళే దారిలో ఒక ఓడ సరుకు దుకాణం ఉండేది. ఓడల మీద వచ్చిన విదేశీ నావికులు చేతిఖర్చుకి అమ్ముకునే సబ్బులు, సెంట్లు, కంబళ్ళు, నైలాన్ చీరలు అక్కడ దొరికేవి. సాయంత్రాలు సీతమ్మధార నుంచి, యూనివర్సిటీ వైపు నుంచి పెద్దవాళ్ళు కార్లు కాస్త దూరంగా ఆపి, నడిచొచ్చి కొనుక్కునేవారు. ఇంటికెళ్ళి మా తమ్ముడు సింగపూరు నుంచి పంపాడని చెప్పుకునేవారు. మల్కాపురంలో ఈ సంగతి తెలియని మనిషి లేడు. ఎవరం బయట అనేవాళ్ళం కాదు. కొన్నవాడి పేరు బజారు దాటనివ్వకూడదు, అది మా బజారు మర్యాద.

ఆ దుకాణం గుమ్మం పక్కన ఒక జత కొమ్ములు ఉండేవి. చెక్కకి బిగించిన పెద్ద దుప్పి కొమ్ములు, ఒక్కో కొమ్ముకీ బోలెడు శాఖలు. దుకాణదారు వాటికి గొడుగులూ, కోట్లూ తగిలించేవాడు. ఒక శాఖకి మొన విరిగి, ఆ గరుకుకి నైలాన్ చీరలు పట్టేసి చిరుగుతున్నాయని, ఎర్ర లక్క కరిగించి మొనకి టోపీలా పెట్టాడు. స్కూలుకి వెళ్తూ ఎగిరి ఆ లక్కని ముట్టుకోవడం నాకు అలవాటు. నేను కాలేజీలో చేరే ఏడు ఒకరోజు చూస్తే గోడ బోసిగా ఉంది. ఏవని అడిగితే, "ఎవులో సీతమ్మదార సారంట, పట్టుకెలిపోనాడు" అన్నాడు దుకాణదారు. అంతకన్నా చెప్పడు కదా, మర్యాద.

బీయెస్సీలో మాకు జువాలజీ చెప్పిన సారుది గోదావరి జిల్లా. తెల్లటి బట్టలు, నున్నగా దువ్విన తల, మాట తీయగా ఉండేది. ఆయన చదువంతా రొయ్యల మీద. సముద్రం పక్కన ఊరు కదా, అప్పట్లో మా దగ్గర జువాలజీ అంటే చేపలు, రొయ్యలు, నత్తలే. జింకల గురించి చెప్పాల్సొస్తే గైడు చూసి రెండు పేజీల్లో ముగించేవాడు. అందులో తప్పులేదు. తప్పు తరవాత చేశాడు.

ఆ రోజు పాఠం జాతి, ఉపజాతి. తమలో తాము జతకట్టి పిల్లల్ని కనేవన్నీ ఒక జాతి. అదే జాతిలో కొన్ని కొండకి ఇటో, ఏటికి అటో విడిపోయి చాలాకాలం ఉండిపోతే ఒంటి రంగులోనో, కొమ్ముల తీరులోనో, కూతలోనో కొద్దిగా తేడా వస్తుంది. అప్పుడు జాతి పేరు తరవాత ఇంకో పేరు తగిలించి ఉపజాతి అంటారు. బారాసింగా దుప్పినే తీసుకోండి. ఉత్తరాన చిత్తడి నేలల్లో తిరిగేదానికి డెక్కలు పరుచుకుని ఉంటాయి, మధ్యప్రదేశ్ గట్టినేల మీది దానికి బిగువుగా ఉంటాయి. జాతి ఒకటే. ఇంతవరకూ సారు బాగానే చెప్పాడు. చెబుతూ చెబుతూ నా వైపు చూశాడు.

"ఏమ్మా, వెనక బెంచీ! రాస్తున్నావా, కునుకుతున్నావా?"

"నాను రాత్తన్నాను సార్."

ఆయన సుద్దముక్క కింద పెట్టాడు. చేతులు దులుపుకున్నాడు. "చూశారా, ఉదాహరణ కోసం అడవికి వెళ్ళక్కర్లేదు. జాతి తెలుగే. తుని దాటి ఇవతల చాలాకాలం విడిగా ఉండిపోయింది. కూత మారిపోయింది. ఇది ఉపజాతి!"

క్లాసు క్లాసంతా నవ్వింది. నా పక్కన కూర్చున్న పిల్ల కూడా నవ్వింది, ఆమెది విజయనగరం. ఆ రోజు నుంచి డిగ్రీ అయ్యేదాకా నా పేరు ఉపజాతి. వరండాలో నడుస్తుంటే "ఉపజాతి వస్తోంది, దారివ్వండ్రా" అనేవారు. నేను నోరు మూసుకోవడం నేర్చుకున్నాను. మాట్లాడక తప్పనప్పుడు రేడియోలో వార్తలు చదివే ఆవిడలా మాట్లాడేదాన్ని.

ఇంతటితో పోయినా నేను మరిచిపోయేదాన్నేమో. చెప్పలేను. కానీ ఒకరోజు కేరేజీ ఇంట్లో మర్చిపోయి వచ్చేశాను. అమ్మ బస్సెక్కి, ఎండలో నడిచి, కాలేజీ వరండాలోకి వచ్చి నన్ను దూరం నుంచే చూసి కేకేసింది. "ఏటే గుంటా, కేరేజీ ఒగ్గీసి ఎలిపోనావు! ఆకలెయ్యదేటి నీకు?" సారు అప్పుడు ఇంకో ఇద్దరు లెక్చరర్లతో అక్కడే నిలబడి ఉన్నాడు. మా అమ్మని కింది నుంచి పైదాకా చూసి, "అదిగో, టైప్ స్పెసిమెన్ వచ్చింది" అన్నాడు.

ఒక జాతికో, ఉపజాతికో మొదటిసారి పేరు పెట్టేటప్పుడు ఏ జంతువుని ముందు పెట్టుకుని పెడతారో దాన్ని అలా అంటారు. చంపి, లోపల గడ్డి కూరి, మెడకి చీటీ కట్టి మ్యూజియంలో దాస్తారు. అమ్మకి ఆ ఇంగ్లీషు ముక్క తెలియదు. నవ్వు తెలుసు. కేరేజీ నా చేతిలో పెట్టి, తలమీద కొంగు సర్దుకుని వెళ్ళిపోయింది. మళ్ళీ ఆ కాలేజీ గేటు తొక్కలేదు, నా డిగ్రీ పండగకి కూడా. ఈయన్ని ఎప్పటికైనా ఇలాగే పదిమందిలో నిలబెట్టాలని ఆ కేరేజీ పట్టుకునే అనుకున్నాను.

దారి తొందరగానే దొరికింది. ఫైనలియర్లో రికార్డులు సంతకం పెట్టించుకోవడానికి అమ్మాయిలందరం సీతమ్మధారలో సారు ఇంటికి వెళ్ళాం. ముందు గదిలో సోఫా పైన గోడకి కొమ్ములు. ఎర్ర లక్క టోపీతో సహా.

"మా నాన్నగారు పాపికొండల అడవుల్లో కొట్టిన కణితి దుప్పి" అన్నాడు సారు, మేం చూస్తున్నామని గమనించి. "ఆ రోజుల్లో వేటకి అడ్డేముంది? రెండు తూటాలు. ఒకటి గురితప్పి కొమ్ముకి తగిలింది. అదిగో, ఆ లక్క పెట్టినచోట."

నాకు నవ్వు ముంచుకొచ్చింది, దగ్గుగా మార్చేశాను. సారు భార్య మంచినీళ్ళు తెచ్చిచ్చింది. ఆ నీళ్ళతో పాటు ఆ మాటని కూడా మింగి లోపల దాచుకున్నాను. తొందరేముంది?

ఎమ్మెస్సీ చదువుతూ జింకల మీద పడ్డాను. ఎవరూ చెప్పలేదు, పరీక్షలో రాదు, అయినా లైబ్రరీలో ఉన్నవన్నీ చదివాను. మనం జింక అని ఒకే మాటతో పిలిచేవాటిలో రెండు వేరువేరు కుటుంబాలున్నాయి. కృష్ణజింక కొమ్ము లోపల డొల్ల, ఒకసారి మొలిస్తే చచ్చేదాకా ఉంటుంది, ఆవు కొమ్ములాగే. అది అసలు దుప్పుల కుటుంబం కాదు. చుక్కల దుప్పి, కణితి, కుక్కలా మొరిగే కొండగొర్రె, బారాసింగా, ఇవీ దుప్పులు. వీటి కొమ్ము గట్టి ఎముక. ఏటేటా రాలిపోతుంది, మళ్ళీ మొలుస్తుంది. కణితికి ఒక్కో పక్క మూడే మొనలు. నుదుటి దగ్గర ఒకటి ముందుకి వస్తుంది, పైన చీలి రెండవుతుంది, అంతే. బారాసింగాకి చాలా మొనలుంటాయి గాని గుంపంతా పైనే, కింద ఒక్కటే. కింద, నుదుటి దగ్గర, ఒకదాని వెంట ఒకటి రెండు మొనలు ముందుకి పొడుచుకొచ్చేవి ఇంకో గుంపు దుప్పులు. యూరప్ ఎర్రదుప్పి, మన కాశ్మీరులో హంగుల్, సైబీరియా నుంచి అమెరికా దాకా ఉండే ఎల్క్. ఎల్క్‌కి కింది నుంచి నాలుగో మొన అన్నిటికన్నా పొడుగు. ఈ మూడూ ఒకే జాతికి ఉపజాతులని కొందరు, కాదు ఎల్క్ వేరే జాతని కొందరు. అప్పుడూ తేలలేదు, ఇప్పటికీ పూర్తిగా తేలినట్టు లేదు. యూరప్‌లో మళ్ళీ ఎల్క్ అని పిలిచేది వేరే జంతువుని. ఇంత చదువుకున్న పెద్దమనుషులకే గడ్డిమేసే జంతువు జాతేమిటో తేల్చడం చేతకావడంలేదు, మా సారు మాత్రం మా అమ్మ జాతి ఒక్క కేకకి తేల్చేశాడు.

ఊళ్ళో అప్పుడే కొత్తగా జూ పెట్టారు. బస్సెక్కి వెళ్ళి కణితి ఎన్‌క్లోజరు ముందు నిలబడ్డాను. ముసురు రోజు, జనం లేరు. మగ కణితి కంచె దాకా వచ్చి నన్ను చూసింది. ఒక పక్క మూడు, ఇంకో పక్క మూడు. సారు గోడ మీది దానికి కింద రెండు, మధ్యలో ఒకటి, పైన ఇంకా, అందులో నాలుగోదే అన్నిటికన్నా పొడుగు. పాపికొండల్లో కాదు, ఈ దేశంలోనే అలాంటి కణితి పుట్టలేదు.

తరవాత అదే కాలేజీలో డెమాన్‌స్ట్రేటరుగా చేరాను. అప్పటికి సారు శాఖాధిపతి అయ్యాడు. మ్యూజియం నాకప్పగించాడు. మ్యూజియం అంటే ఒక పొడుగాటి గది, ఫార్మలిన్ సీసాలు, రంగు వెలిసిన పక్షులు. లెక్చరరు పోస్టు పడినప్పుడల్లా అప్లికేషన్ పెట్టాను. నాకన్నా వెనక చేరినవాళ్ళు పైకెళ్ళారు. కమిటీలో సారు ప్రతిసారీ ఒకటే మాట అన్నాడని ప్రిన్సిపాలే నాకు చెప్పారు. "తెలివైనదే గానీ భాష బాగోదు, పిల్లలు నవ్వుతారు." పిల్లలకి నవ్వడం నేర్పింది ఎవరు? నా ఒంట్లోంచి ఆ యాసంతా గోకి తీసేసుకుని ఏళ్ళయింది. ఇంట్లో కూడా నేను అమ్మతో రేడియో ఆవిడలాగే మాట్లాడుతుంటే, అమ్మ నాతో తక్కువ మాట్లాడేది.

ఎనభైల మధ్యలో, గాజువాక అవతల స్టీలు ప్లాంటు పని జోరుగా సాగుతూ రోడ్డంతా లారీలు తిరుగుతున్న రోజుల్లో, సారు రిటైర్మెంటు దగ్గరపడింది. నన్ను గదిలోకి పిలిచాడు.

"ఇంట్లో కొమ్ములు చూశావుగా అమ్మా. నాన్నగారి పేరుమీద మన మ్యూజియంకి ఇచ్చేద్దామనుకుంటున్నాను. వెళ్ళేముందు ఓ గుర్తు. కార్డు నేను చెప్పినట్టు రాసి, ఇన్‌చార్జిగా నువ్వు సంతకం పెట్టు. కణితి, పాపికొండలు, వేటాడినవారు ఫలానా." ఆగి, పేపర్‌వెయిట్ తిప్పాడు. "నీ లెక్చరరు పోస్టు ఫైలు నా దగ్గరే ఉంది. వెళ్ళేలోపు కదిపేసి వెళ్తాను. నీకు అన్యాయం జరిగిందని నాకూ తెలుసు."

ఆ ఆఖరి మాట అనకుండా ఉండాల్సింది. అంతవరకూ నిజంగానే ఊగాను. నాన్నకి అప్పటికి నడుం పనిచెయ్యడం లేదు, జీతం పెరిగితే బాగుండునని నాకూ ఉంది. అన్యాయమని తెలిసే చేశాడని తెలిశాక ఊగడం ఆగిపోయింది.

"అలాగే సార్" అన్నాను. నా నోటి నుంచి ఆయన ఎప్పుడూ విన్నది ఆ మాటే. అనుమానం ఎందుకొస్తుంది?

కొమ్ములు మ్యూజియంకి వచ్చాయి. తుడుద్దామని చెక్క వెనక మరలు విప్పాను. విప్పి, కొమ్ముల మొదళ్ళు వెలుతురుకి తిప్పి చూశాను. దుప్పిని చంపి కొమ్ము తీస్తే మొదట్లో పుర్రె ముక్క అంటుకుని వస్తుంది. తనంతట తను రాలిన కొమ్ముకైతే మొదలు గుండ్రంగా, బొడిపెలా, గరుగ్గా ఉంటుంది. నా చేతిలో ఉన్నవి రెండూ రాలినవే. తూటా లేదు, వేట లేదు, చావు లేదు. ఏ దేశంలోనో ఎల్క్ ఒకటి తన కాలం వచ్చాక కొమ్ములు విదిలించుకుని మేతకి పోయింది. ఎవడో ఏరాడు, ఎవడో ఓడెక్కించాడు, మా సారు వాళ్ళ నాన్న కాల్చాడు. ఆ గదిలో ఒక్కదాన్నే కూర్చుని చాలాసేపు నవ్వాను.

మా కాలేజీలో ఒక పద్ధతుండేది. మ్యూజియంకి కొత్త నమూనా వస్తే గుడ్డ కప్పి ఉంచుతారు, ఇచ్చినవాళ్ళు గుడ్డ తీస్తారు, ప్రిన్సిపాలు కార్డు పైకి చదువుతారు, అందరూ చప్పట్లు కొడతారు. సారు వీడ్కోలు రోజున గది నిండిపోయింది. లెక్చరర్లు, విద్యార్థులు, సారు భార్య, గోదావరి నుంచి వచ్చిన చుట్టాలు. సారు నవ్వుతూ గుడ్డ లాగాడు. ప్రిన్సిపాలు కళ్ళజోడు సర్దుకుని కార్డు చదవడం మొదలుపెట్టారు. ఇంగ్లీషులో రాసిన ఆ కార్డు తెలుగులో ఇలా ఉంటుంది.

"ఎల్క్. అమెరికా, సైబీరియాల దుప్పి. మన దేశంలో లేదు. రాలిన కొమ్ములు, ఒక జత. జంతువును ఎవరూ వేటాడలేదు. ఉపజాతి: పుట్టిన చోటు తెలియనందున చెప్పలేము. సేకరించిన చోటు: మల్కాపురం, ఓడ సరుకు దుకాణం."

చివరి ముక్క దగ్గరికి వచ్చేసరికి ఆయన గొంతు సన్నగిల్లింది గాని, చదివేశారు. చప్పట్లు కొట్టడానికి చేతులెత్తినవాళ్ళు అలాగే ఉండిపోయారు.

"ఎవరు రాశారిది?" అన్నారు ప్రిన్సిపాలు.

"నాను సార్" అన్నాను. పదేళ్ళ తరవాత ఆ గోడల మధ్య ఆ మాట అన్నాను. "నానే రాసినాను. ఆ కొమ్ములు మా ఇంటి దారిలో ఉండీవి. లక్క కూడా ఆ దుకానం అతనే పెట్టినాడు. సీరలు సిరిగిపోతన్నాయని."

"అబద్ధం! మా నాన్నగారు..." అన్నాడు సారు.

చెక్కని తిప్పాను. మరలు ముందే వదులు చేసి ఉంచాను. కొమ్ము చేతిలోకి తీసి, గుండ్రటి మొదలు ఆయన మొహానికి దగ్గరగా పెట్టి అడిగాను. "పుర్రె ఏది సార్? దుప్పిని సంపితే పుర్రె ఉండాల గదా. మీరు సెప్పండి, మీరు జువాలజీ సారు."

వెనక ఎవరో కుర్రాడు కిసుక్కున నవ్వాడు. తరవాత ఇంకొకడు. తరవాత గది గదంతా. నాకు బాగా తెలిసిన నవ్వు అది, ఒకప్పుడు నా మీద పడ్డదే. సారు భార్య మాత్రం నవ్వలేదు. నేల చూస్తూ "మల్కాపురమా" అని తనలో తను అనుకుంది. ఆవిడ మీద నాకు జాలేసింది. ఆయన మీద వెయ్యలేదు.

అందరూ వెళ్ళిపోయాక సారు మళ్ళీ మ్యూజియంలోకి వచ్చాడు. మెళ్ళో దండ అలాగే ఉంది. "తెలిసినప్పుడే చెవిలో చెప్పి ఉండొచ్చుగా అమ్మా. నేను దింపేసేవాణ్ణి. ఇన్నేళ్ళు దాచుకుని నన్ను ఇలా..." అన్నాడు.

"మా అమ్మ కేరేజీ తెచ్చిన రోజున మీరు నోరు మూసుకునుంటే సెప్పీదాన్ని సార్."

ఆయన నా వైపు అయోమయంగా చూశాడు. ఏ కేరేజీ, ఏ అమ్మ? గుర్తులేదు. నిజంగానే లేదు. ఆ ఒక్క క్షణం నా ప్రతీకారం చప్పబడిపోయింది. మరుక్షణం ఇంకా కోపం వచ్చింది. నేను విడమరిచి చెప్పలేదు. ఇంటికెళ్ళి ఆలోచించుకోమన్నాను.

నా ఫైలు కదల్లేదు. ఇంకో శాఖాధిపతి వచ్చి, చాలాకాలం తరవాతగాని లెక్చరర్ని కాలేదు. ఆ సాయంత్రమే ఆ సంగతి తెలుసు నాకు. బస్సు దిగి ఇంటికి వెళ్ళేసరికి అమ్మ చేపలు తోముతోంది. ఎదురుగా పీట వేసుకుని కూకున్నాను. జరిగిందంతా చెప్పాను. ఆ రోజు వరండాలో ఆయన ఏమన్నాడో, ఆ ఇంగ్లీషు ముక్కకి అర్థమేమిటో కూడా మొదటిసారి చెప్పాను. అమ్మ తోమడం ఆపి విన్నది.

"గడ్డి కూరతారా?" అంది.

"కూరతారు."

"మరి నీ పెద్ద ఉజ్జోగం?"

"పోనాదే అమ్మా. ఇంక ఇయ్యరు."

అమ్మ నా మొహంలోకి చూసింది. ఆ పై ఉద్యోగం పోయినందుకు కాదు, ఆ 'పోనాదే'కి అనుకుంటాను. చేతులు కడుక్కుని, కొంగుకి తుడుచుకుని, నా దగ్గరగా జరిగి కూర్చుంది.

"పోతే పోనాది గానీ, ఆడి మొకం ఎలగున్నాదే? కొమ్ము సూపించినప్పుడు?"

కళ్ళు పెద్దవి చేసి, నోరు తెరిచి, లేని దండని మెళ్ళో పట్టుకుని చూపించాను. అమ్మ ఒళ్ళంతా ఊగిపోయేలా నవ్వింది. కళ్ళు తుడుచుకుంది.

"ఇంకోపాలి సూపించు" అంది.